రేఖాపటములలో స్కేలు: ఎన్నుకొనుట, అర్థము చేసికొనుట

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన తెలుగువారి సంఘములు ఉత్సవములు జరుపుకొనునపుడు సభామందిరపు గోడలపై రేఖాపటములను తగిలించుట కలదు. తెలుగు మాట్లాడువారి సంఖ్య ఏయే జనగణనలో ఎంత యుండెనో తెలుపు పటము వానిలో నొకటి. ఒకే జనగణన అంకెలను గైకొని ఇద్దఱు రెండు పటములను గీయవచ్చును. మొదటి పటమును చూచినవాడు భాష నానాటికి వృద్ధిపొందుచున్నదని సంతసించును. రెండవదానిని చూచినవాడు భాష క్షీణించుచున్నదని దిగులుపడును. పటము గీచిన ఇద్దఱిలో నెవ్వరును అసత్యము వ్రాసియుండకపోవచ్చును. భేదమంతయు వారు గైకొన్న కొలతయందును, ఆ కొలతను కాగితముపై నిలిపిన స్కేలునందును ఉండును.

ఈ విషయము గణితవిద్యార్థులకు మాత్రమే సంబంధించినది కాదు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారును, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున చేరిన యానామువారును తమ పిల్లలకు తెలుగు బడిని కోరునపుడు, ప్రభుత్వమునకు విన్నపము పంపునపుడు, తమ స్థితిని గూర్చి తమలో తాము విచారించుకొనునపుడు అంకెలను ఆధారముగా చూపవలసియుండును. ఆ అంకెలు పటముగా మాఱునపుడు పొరపాటు దొరలినచో విన్నపము బలహీనపడును. అంతకంటె ముఖ్యముగా, సంఘము తన్ను గూర్చి తానే పొరబడును. కావున రేఖాపటమున స్కేలును ఎట్లు ఎన్నుకొనవలయునో, ఇతరులు ఎన్నుకొన్న స్కేలును ఎట్లు చదువవలయునో తెలిసికొనుట అవసరము.

స్కేలు అనగా నేమి?

భూగోళపటములను చూచుటకు అలవాటుపడినవారికి స్కేలు క్రొత్త కాదు. పటముపై ఒక అంగుళము నేలపై ఇన్ని మైళ్లకు సమానమని పటము మూలను వ్రాయబడియుండును. ఆ మాట లేనిచో బళ్లారినుండి షోలాపురమునకు ఎంత దూరమో పటమును చూచి చెప్పుట అసాధ్యము. గ్రాఫు అని వ్యవహరింపబడు రేఖాపటమునందును ఇట్లే. అయితే ఇచట కొలువబడునది నేల కాదు. జనసంఖ్య, ధర, వర్షపాతము, ఉష్ణోగ్రత మొదలగునవి.

భూగోళపటమునకు సాధారణముగా నొకే స్కేలు చాలును. రేఖాపటమునకు రెండు కావలయును. అడ్డు అక్షముపై కాలమును, నిలువు అక్షముపై పరిమాణమును గుర్తించుట వాడుక. సంవత్సరములును జనసంఖ్యయు వేర్వేఱు జాతుల కొలతలగుటచే, ఒక అక్షము స్కేలునకు రెండవదాని స్కేలుతో నిమిత్తము లేదు. పదిసంవత్సరములకు ఒక సెంటిమీటరు గైకొనవచ్చును, అయిదు గైకొనవచ్చును. గీయువాని స్వాతంత్ర్యమును, చూచువానికి కలుగదగిన భ్రాంతియు రెండును ఇచటనే పుట్టుచున్నవి.

ఈ పద్ధతి మిక్కిలి ప్రాచీనమైనది కాదు. రెండు అక్షముల సాయమున బిందువును సంఖ్యలతో గుర్తించు మార్గమును ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు 1637లో ప్రకటించిన గ్రంథము వ్యాప్తికి దెచ్చెను. దేశపు ఎగుమతులు, దిగుమతులు మొదలగు లెక్కలను గీతలుగా గీచి చూపుట విలియం ప్లేఫెయిర్ 1786లో ఇంగ్లండున ప్రకటించిన గ్రంథముతో ప్రసిద్ధికెక్కినది. అందులో స్కాట్లండునకు ఒక్క సంవత్సరపు లెక్క మాత్రమే అతనికి లభించుటచే, కాలక్రమమును చూపు గీతకు బదులుగా కమ్మీలను గీచెను. నేడు పాఠశాలలలో నేర్పబడు కమ్మీ చిత్రమునకు అది తొలి నమూనాలలో నొకటి.

స్కేలును ఎన్నుకొను విధము

ఉదాహరణమునకు భారతదేశపు జనగణనలలో తెలుగు మాతృభాషగా లెక్కింపబడినవారి సంఖ్యలను గైకొనవచ్చును. 1961లో వారు 3 కోట్ల 77 లక్షలు. 1971లో 4 కోట్ల 48 లక్షలు. 1981లో 5 కోట్ల 6 లక్షలు. 1991లో 6 కోట్ల 60 లక్షలు. 2001లో 7 కోట్ల 40 లక్షలు. 2011లో 8 కోట్ల 11 లక్షలు. ఈ ఆఱు సంఖ్యలను 20 సెంటిమీటర్ల ఎత్తుగల గ్రాఫు కాగితముపై గుర్తింపవలయుననుకొనుడు.

మొదట అన్నిటికంటె పెద్ద సంఖ్యను చూడవలయును. అది 811 లక్షలు. దానిని కాగితపు ఎత్తుతో, అనగా 20తో భాగించినచో 40న్నర లక్షలు వచ్చును. ఒక సెంటిమీటరునకు ఇంతకు తగ్గని సంఖ్య కావలయును. 40 లక్షలు గైకొన్నచో 2011 బిందువు 20.3 సెంటిమీటర్ల ఎత్తున పడి కాగితమును దాటిపోవును. 41 లక్షలు గైకొన్నచో పట్టును గాని, అట్టి స్కేలుపై బిందువులను గుర్తించుటయు, గుర్తించినవానిని చదువుటయు కష్టము. సెంటిమీటరున పది మిల్లిమీటర్లుండుటచే ఒక్కొక్క మిల్లిమీటరు 4 లక్షల 10 వేలగును. మూడు గడుల ఎత్తున నున్న బిందువును చదువుటకు గుణకారము చేయవలసివచ్చును. కావున 1, 2, 5 అను అంకెలనో, వానిని 10, 100, 1000 మొదలగువానితో గుణింపగా వచ్చినవానినో గైకొనుట మేలు. ఇచట 50 లక్షలు తగియున్నది. అపుడు మిల్లిమీటరు 5 లక్షలగును. 1961 బిందువు 7.5 సెంటిమీటర్ల ఎత్తునను, 1991 బిందువు 13.2 సెంటిమీటర్ల ఎత్తునను, 2011 బిందువు 16.2 సెంటిమీటర్ల ఎత్తునను పడును. కాగితము చాలభాగము వినియోగపడును. అంకెలు సులభముగా చదువబడును.

సెంటిమీటరునకు 5 కోట్లు గైకొన్నచో నేమగును? 1961 బిందువు ఏడున్నర మిల్లిమీటర్ల ఎత్తునను, 2011 బిందువు పదునాఱు మిల్లిమీటర్ల ఎత్తునను ఉండును. ఏబది సంవత్సరముల చరిత్ర తొమ్మిది మిల్లిమీటర్లలో నణగిపోవును. అంకెలు తప్పు కావు. పటము మాత్రము నిరుపయోగము.

ఇంతవఱకు చెప్పినది కాగితమునకును కన్నులకును సంబంధించిన సౌకర్యము. స్కేలును గూర్చిన అసలు విచారము దీని పిదప ఆరంభమగును.

సున్న ఎచట నున్నది?

పై సంఖ్యలు పెరుగుచున్నవి. కాని దేశజనాభాలో తెలుగువారి పాలు ఎంత యని ప్రశ్నించినచో సమాధానము వేఱు. 1991లో అది నూటికి 7.87, 2001లో 7.19, 2011లో 6.70. తెలుగువారు పెరిగిరి, దేశమందలి మిగిలినవారు అంతకంటె వేగముగా పెరిగిరి. ఈ రెండు మాటలును ఏకకాలమున సత్యములు. ఏ కొలతను గైకొనుచున్నాడో మొదట నిర్ణయించుకొని, పటముపై వ్రాయుట గీయువాని ప్రథమకర్తవ్యము.

ఇపుడీ మూడు శాతములను మూడు విధములుగా గీయవచ్చును. మొదటి విధమున నిలువు అక్షమును 6.5 శాతముతో ఆరంభించి, శాతములో పదియవ వంతునకు ఒక సెంటిమీటరు చొప్పున గీచినచో, మూడు బిందువులును వరుసగా 13.7, 6.9, 2 సెంటిమీటర్ల ఎత్తున నుండును. చూచినవానికి భాష ఇరువది సంవత్సరములలో ఏడవవంతునకు పడిపోయినట్లు తోచును. రెండవ విధమున సున్నతో ఆరంభించి, సెంటిమీటరునకు అరశాతము చొప్పున గీచినచో ఎత్తులు 15.7, 14.4, 13.4 సెంటిమీటర్లు. గీత నిదానముగా దిగును. మూడవ విధమున సున్ననుండి నూఱువఱకు గీచి, సెంటిమీటరునకు 5 శాతములు గైకొన్నచో ఎత్తులు 1.57, 1.44, 1.34 సెంటిమీటర్లు. మొదటి బిందువునకును కడపటిదానికిని భేదము రెండు మిల్లిమీటర్లకు కొంచెము మించును. ఏమియు జరుగలేదని చూచువాడు తలచును.

లెక్కప్రకారము 7.87 నుండి 6.70కి తగ్గుట యనగా ఉన్నదానిలో నూటికి సుమారు 15 వంతులు తగ్గుట. ఏడింట ఆఱు వంతులు పోలేదు. ఏమియు పోకుండను లేదు. ఈ తగ్గుదల నిష్పత్తిని యథాతథముగా చూపునది రెండవ పటము. మొదటి పటము నిరాశను, మూడవది అలసత్వమును కలిగించును. సంఘమునకు రెండును హానికరములే.

కమ్మీ చిత్రముల విషయమున ఈ నియమము మఱింత కఠినము. కమ్మీని చూచు కన్ను దాని పొడవునే కొలుచును. తమిళనాడు జనాభాలో తెలుగువారు 2001లో నూటికి 5.65, 2011లో 5.87. అక్షమును 5.6తో ఆరంభించి రెండు కమ్మీలను గీచినచో రెండవది మొదటిదానికి అయిదింతలకు పైగా పొడవుండును. నిజమునకు పెరుగుదల నూటికి నాలుగు వంతులే. కావున కమ్మీలు సున్ననుండియే లేవవలయును. బిందువులను గీతతో కలుపు పటమున కన్ను పొడవుకంటె గీత వాలును ఎక్కువగా చూచును. అట్టిచోట అవసరమునుబట్టి సున్నను విడువవచ్చును. విడిచినచో అక్షము అడుగున వంకరగీత గీచి, కొంతభాగము విడువబడినదని స్పష్టముగా తెలుపవలయును.

అడ్డు అక్షము

నిలువు స్కేలును గూర్చి జాగ్రత్తపడువారును అడ్డు స్కేలును మఱచుట కలదు. పదిసంవత్సరములకు ఒక సెంటిమీటరు గైకొన్నచో అయిదు దశాబ్దములు అయిదు సెంటిమీటర్లలో ఇమిడి, గీత నిట్టనిలువుగా లేచును. అదే పదిసంవత్సరములకు నాలుగు సెంటిమీటర్లు గైకొన్నచో అదే గీత మెల్లగా ఎక్కు బాటవలె కనబడును. ఏటవాలును చూచి వేగమును నిర్ణయింపదలచినవాడు రెండు స్కేలులను చదువక నిర్ణయింపరాదు. రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చునపుడు రెండింటికిని రెండు అక్షములయందును ఒకే స్కేలు ఉండవలయును.

కాలపు దూరములును సమముగా నుండవలయును. భారతదేశమున జనగణన పదియేండ్లకొకసారి జరుగుచుండుటచే బిందువుల నడుమ దూరము సమముగా నుండుట అలవాటైనది. కాని 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. తరువాతి జనగణన 2027లో జరుగునని 2025లో ప్రభుత్వము ప్రకటించినది. పదిసంవత్సరములకు 2 సెంటిమీటర్లు గైకొన్న పటముపై 2011 బిందువునకును 2027 బిందువునకును దూరము 3.2 సెంటిమీటర్లుండవలయును. అలవాటుచొప్పున 2 సెంటిమీటర్లు పెట్టినచో పదునాఱు సంవత్సరముల మార్పు పదిసంవత్సరములలో జరిగినట్లు తోచును.

1981 బిందువు

స్కేలు సరిగానున్నను బిందువే వేఱుజాతిది కావచ్చును. పైన చెప్పిన పటమున 1971 నుండి 1981 వఱకు పెరుగుదల నూటికి 13 వంతులు; 1981 నుండి 1991 వఱకు నూటికి 30 వంతులు. గీత ఆ చోట నొక్కసారిగా పైకి లేచును. ఆ దశాబ్దమున తెలుగువారిలో విశేషమేమి జరిగెనని చూచువాడు ఆలోచించును. విశేషము తెలుగువారిలో లేదు, లెక్కలో నున్నది. 1981 జనగణన పత్రములు తమిళనాడులో వరదలవలన నశించుటచే ఆ రాష్ట్రపు భాషాసంఖ్యలు పూర్తిగా లభింపలేదు. అస్సాములో ఆ సంవత్సరము జనగణనయే జరుగలేదు. తమిళనాటి తెలుగువారు చేరని సంఖ్యను, చేరిన సంఖ్యలతో ఒకే గీతపై గుర్తించుటచే ఆ వంపు పుట్టినది.

తమిళనాటి తెలుగువారు తాము చేరని బిందువును తమ సభామందిరపు గోడపై తామే తగిలించుకొనుట విడ్డూరము. అట్టి బిందువును నిండుచుక్కగా గాక బోలుచుక్కగా గుర్తించి, గీతను చుక్కల గీతగా గీచి, కారణమును పటము క్రింద వ్రాయవలయును. లేదా ఆ బిందువును విడిచి 1971ని 1991తో కలిపి, విడిచినట్లు తెలుపవలయును. శాతములకును ఇట్టి జాగ్రత్తయే తగును. 1991లో జమ్మూ కాశ్మీరమున జనగణన జరుగలేదు. 7.87 అను శాతము ఆ రాష్ట్రమును విడిచి కట్టినది.

పెద్ద సంఖ్యల ప్రక్కన చిన్న సంఖ్యలు

2011 జనగణనలో తమిళనాడున తెలుగువారు సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 36 లక్షలు, మహారాష్ట్రమున సుమారు 13 లక్షలు, ఒడిశాలో సుమారు 7 లక్షలు. సెంటిమీటరునకు 50 లక్షలు చొప్పున గీచిన మొదటి పటముపై వీరి నందఱను గుర్తించినచో తమిళనాటివారు ఎనిమిదిన్నర మిల్లిమీటర్లు, కన్నడనాటివారు ఏడు, మహారాష్ట్రమువారు రెండున్నర, ఒడిశావారు ఒకటిన్నర మిల్లిమీటర్ల ఎత్తున నుందురు. 1954లో ఫ్రెంచివారి యేలుబడినుండి విడివడిన యానాము జనసంఖ్య 2011లో 55,626. ఆ పటముపై యానాము మొత్తము మిల్లిమీటరులో తొమ్మిదవ వంతు. పెన్సిలుగీత అంతకంటె లావుగా నుండును.

ఇది ఎవరి దోషమును కాదు. ఎనిమిది కోట్లను చూపుటకు ఎన్నుకొన్న స్కేలు ఏబదియైదు వేలను చూపజాలదు. కాని పటమున కనబడనిది లేనట్లే భావించుట మానవస్వభావము. కావున చిన్న సమూహములను గూర్చి చెప్పదలచినవారు వానికి వేఱు పటమును గీయవలయును. సెంటిమీటరునకు 5 లక్షలు గైకొన్నచో నాలుగు రాష్ట్రములును చక్కగా పోల్చదగినట్లు కనబడును. యానామునకు సెంటిమీటరునకు 5 వేలు గైకొన్న పటము తగును. ఆ పటమును మొదటి పటము ప్రక్కన తగిలించునపుడు రెండు స్కేలులు వేఱని పెద్ద అక్షరములతో వ్రాయవలయును. లేనిచో యానాము భారతదేశమందలి తెలుగువారిలో సుమారు మూడింట రెండు వంతులున్నట్లు తోచును.

చిన్నదానిని పెద్దదానిని ఒకే పటముపై చూపవలసివచ్చినపుడు సంవర్గమాన స్కేలు ఉపకరించును. సాధారణపు స్కేలుపై సమానదూరము సమానమైన కూడికను సూచించును. సంవర్గమాన స్కేలుపై సమానదూరము సమానమైన గుణకారమును సూచించును. పదివేలనుండి లక్షకు 4 సెంటిమీటర్లు గైకొన్నచో, లక్షనుండి పదిలక్షలకును, పదిలక్షలనుండి కోటికిని, కోటినుండి పదికోట్లకును అంతే దూరము. పదునాఱు సెంటిమీటర్లలో పదివేలనుండి పదికోట్లవఱకు ఇమిడిపోవును. ఏ సంఖ్య రెట్టింపైనను గీత 1.2 సెంటిమీటర్లే లేచును.

యానాము జనసంఖ్య 1991లో 20,297, 2001లో 31,394, 2011లో 55,626. ఈ స్కేలుపై ఆ బిందువులు 1.2, 2, 3 సెంటిమీటర్ల ఎత్తున పడును. భారతదేశమందలి తెలుగువారి బిందువులు అవే సంవత్సరములకు 15.3, 15.5, 15.6 సెంటిమీటర్ల ఎత్తున పడును. ఇరువది సంవత్సరములలో యానాము గీత సుమారు పదునెనిమిది మిల్లిమీటర్లు లేచినది. రెండవ గీత నాలుగు మిల్లిమీటర్లయినను లేవలేదు. యానాము జనసంఖ్య రెండుముప్పాతిక రెట్లయినదనియు, దేశమందలి తెలుగువారు ఒకటింబాతిక రెట్లకు లోపుగనే పెరిగిరనియు దీనివలన తెలియుచున్నది. మొదటిది ఒక ఊరి మొత్తము జనసంఖ్య. రెండవది ఒక భాషవారి సంఖ్య. ఇచట పోల్చబడినది పెరుగుదల వేగము మాత్రమే యని గమనింపవలయును.

ఈ స్కేలునకును పరిమితులు కలవు. దీనిపై సున్న లేదు. ఎంత క్రిందికి దిగినను పదింట ఒక వంతు మిగులుచునే యుండును. అలవాటులేని చదువరి ఎత్తునుబట్టి సంఖ్యను ఊహించినచో పొరబడును. యానాము గీత ఎక్కువగా లేచినను పెరిగినవారు 35 వేలు. దేశమందలి తెలుగువారిలో పెరిగినవారు కోటిన్నర. ఎందఱు పెరిగిరను ప్రశ్నకు సాధారణపు స్కేలును, ఎన్నిరెట్లు పెరిగిరను ప్రశ్నకు సంవర్గమాన స్కేలును సమాధానములు.

నలుబది గీత

సున్నతో ఆరంభింపని పటమెల్ల మోసమను అభిప్రాయము కొందఱిలో కలదు. అదియు సరికాదు. స్కేలును నిర్ణయించునది ప్రశ్న. కొన్ని ప్రశ్నలకు సున్న ముఖ్యము. కొన్నిటికి వేఱొక హద్దు ముఖ్యము.

ప్రాథమికదశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యము కలుగజేయవలయునని 1956లో రాజ్యాంగమున చేర్పబడిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. పాఠశాల మొత్తమున 40 మందియో, ఒక తరగతిలో 10 మందియో ఆ భాష పిల్లలున్నచో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలయునను ప్రమాణమును 1949లో విద్యామంత్రుల సమావేశము అంగీకరించినది. భాషాల్పసంఖ్యాకుల రక్షణపథకములో అది నేటికిని ఆధారముగా చూపబడు ప్రమాణము.

ఒక పాఠశాలలో తెలుగు పిల్లలు నాలుగు సంవత్సరములలో వరుసగా 46, 44, 43, 41 మంది యుండిరనుకొనుడు. సున్నతో ఆరంభించి సెంటిమీటరునకు అయిదుగురు చొప్పున గీచినచో గీత 9.2 సెంటిమీటర్లనుండి 8.2 సెంటిమీటర్లకు దిగును. నలుబది గీత 8 సెంటిమీటర్ల ఎత్తున నుండును. కడపటి బిందువునకును హద్దునకును నడుమ రెండు మిల్లిమీటర్లు. సభలో వెనుక వరుసను కూర్చున్నవారికి అది కనబడదు. అక్షమును 30తో ఆరంభించి, విడిచిన భాగమును వంకరగీతతో తెలిపి, సెంటిమీటరునకు ఒకరు చొప్పున గీచినచో గీత 16 సెంటిమీటర్లనుండి 11కి దిగును. నలుబది గీత 10 సెంటిమీటర్ల ఎత్తున నుండును. ఇద్దఱు పిల్లలు తగ్గినచో బడి ప్రమాణమునకు లోబడిపోవునను సంగతి తల్లిదండ్రులందఱకు స్పష్టమగును. ఇచట సున్నను విడుచుట సత్యమును దాచలేదు. దాగియున్నదానిని వెలికి దీసినది.

ఇట్టిదే నూటికి 15 అను హద్దు. ఒక జిల్లాలోనో, పురపాలకసంఘములోనో, తాలూకాలోనో జనాభాలో అంతకు తగ్గని అల్పసంఖ్యాక భాషవారున్నచో ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనికి అనువదింపబడవలయునని ఆ పథకము చెప్పుచున్నది. రాష్ట్రము మొత్తమునకు గీచిన పటముపై తమిళనాటి తెలుగువారు 5.87 శాతముగనే కనబడుదురు. హద్దునకు లెక్కింపవలసినది తాలూకా. హోసూరు, బళ్లారి, బరంపురము వంటి చోట్ల తెలుగువారు పటము గీయునపుడు రాష్ట్రపు అంకెను గాక తమ తాలూకా అంకెను గైకొని, పదునైదు గీత పటమున కనబడునట్లు స్కేలును ఎన్నుకొనవలయును. ఆ గీత లేని పటము ఎంత అందముగానున్నను విన్నపమునకు సాయపడదు.

చదువరి పరీక్షింపదగినవి

ఇతరులు గీచిన పటమును చూచునపుడు గీతను చూచుటకు ముందు అక్షములను చదువుట మంచి అలవాటు. కొలువబడినది సంఖ్యయా, శాతమా? శాతమైనచో దేనిలో శాతము? నిలువు అక్షము సున్నతో ఆరంభమైనదా, విడిచినచో ఆ సంగతి తెలుపబడినదా? సమానదూరములు సమానమైన కూడికలా, సమానమైన రెట్లా? సంవత్సరముల నడుమ దూరములు కాలముననుసరించి యున్నవా? బిందువులన్నియు ఒకే ప్రాంతమునకు, ఒకే విధముగా లెక్కింపబడినవా? ఒకే పటమునకు కుడివైపున నొక స్కేలు, ఎడమవైపున నొక స్కేలు ఉన్నచో రెండు గీతలు కలిసిన చోటునకు అర్థమేమియు లేదని గుర్తుంచుకొనవలయును. ఆ కలయిక స్కేలులను జరిపినకొలది జరుగును.

పటము గీయువాడు ఈ ప్రశ్నలన్నిటికిని సమాధానము పటముపైననే వ్రాయవలయును. అంకెలు ఏ నివేదికనుండి గైకొనబడినవో, స్కేలు ఎంతయో, లోపించినవేవో నాలుగు పంక్తులలో చెప్పవచ్చును.

2027 జనగణన భాషాసంఖ్యలు వెలువడుటకు కొంత కాలము పట్టును. 2011 భాషాసంఖ్యలు 2018లో గాని వెలువడలేదు. ఈ నడుమ సంఘములకు ఒక మంచి అవకాశము కలదు. తాము తెలిసికొనగోరిన ప్రశ్న యేదియో ఇప్పుడే నిశ్చయించుకొని, అందుకు తగిన స్కేలుతో అక్షములను గీచి, ఇదివఱకటి బిందువులను గుర్తించి, క్రొత్త బిందువునకు చోటు విడిచి పటమును సిద్ధము చేసికొనవచ్చును. అంకె తెలిసిన పిదప స్కేలును ఎన్నుకొనువానికి తాను కోరిన రూపమును పటమునకు ఇయ్యవలయునను ఆశ పుట్టును. ముందుగా ఎన్నుకొన్నవానికి ఆ ఆశకు తావుండదు. బిందువు పైకి పడినను, క్రిందికి పడినను, పడినచోటనే దానిని గుర్తించి, పిల్లల బడిని గూర్చి చేయవలసిన ఆలోచన అచటినుండియే ఆరంభింపవచ్చును.